వెనుక సీటు విజ్ఞానం

మోటారు సైకిలు నడపడం నేర్పేవారు చాలామంది ఉన్నారు. వెనుక సీటు మీద కూర్చోవడం నేర్పేవారు మాత్రం కనబడరు. "కూర్చోవడానికి నేర్చుకునేదేముంది?" అంటారా? 2022 డిసెంబరు వరకు నేనూ అలాగే అనుకున్నాను.

ఆ నెలలో నా పూర్వ విద్యార్థులు నలుగురు, నాలుగు మోటారు సైకిళ్ళ మీద విశాఖపట్నం నుంచి అరకులోయకు బయలుదేరుతూ, "మీరూ రండి, మాస్టారూ" అని నన్ను పిలిచారు. ఊళ్ళో ఎవరో ఒకరి బండి వెనుక కూర్చుని బడికో, సంతకో వెళ్ళడం నాకు అలవాటే. కాని దూర ప్రయాణం, అందులోనూ ఘాట్ రోడ్డు, అదే మొదటిసారి. బయలుదేరే ముందు వాళ్ళు టైర్లలో గాలి చూశారు, బ్రేకులు చూశారు, గొలుసు బిగువు చూశారు. వెనుక కూర్చోబోయే నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. మాస్టారికి చెప్పడమా అని వాళ్ళకు మొహమాటం. శిష్యుల్ని అడగడమా అని నాకు అభిమానం.

శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలైంది. ఒక ఎడమ మలుపులో బండి ఎడమవైపుకు వాలింది. నేల నా మోకాలి దగ్గరకు వస్తున్నట్లు అనిపించింది. భయంతో నేను చటుక్కున కుడివైపుకు వంగాను. బండి మలుపు తిరగవలసినంత తిరగలేదు. రోడ్డు మధ్యకు జరిగిపోయింది. ఎదురుగా కొండ దిగుతున్న బస్సు! మా వాడు వేగం తగ్గించి, ఎలాగో తన వైపుకు తెచ్చుకున్నాడు. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బండి ఆపాడు.

"మాస్టారూ, నేను ఇటు వంచితే మీరు అటు లాగారు" అన్నాడు నెమ్మదిగా.

"పడిపోతామనిపించింది బాబూ."

వాడు నవ్వాడు. "మలుపులో వంగితేనే పడిపోమని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పింది మీరే గదా, మాస్టారూ!"

నిజమే. తొమ్మిదో తరగతిలో వాడికి అభికేంద్ర బలం చెప్పింది నేనే. నా బుర్రకు తెలిసిన సంగతి నా నడుముకు తెలియలేదన్నమాట! అందుకే ఈ పాఠాన్ని ఈసారి వెనుక సీటు మీద కూర్చుని మళ్ళీ చదువుకుందాం.

మలుపులో ఎందుకు వంగాలి?

ఒక రూపాయి నాణేన్ని బల్ల మీద నిలువుగా నిలబెట్టి దొర్లించండి. మొదట తిన్నగా పోతుంది. వేగం తగ్గేకొద్దీ ఒక ప్రక్కకు వాలుతుంది. ఏ ప్రక్కకు వాలిందో ఆ ప్రక్కకే తిరుగుతుంది. ఎడమకు వాలి కుడికి తిరిగే నాణెం మీకు కనబడదు.

కదులుతున్న వస్తువు తనంత తాను దారి మార్చుకోదు. దాన్ని జడత్వం అంటారని మీకు తెలుసు. బండి మలుపు తిరగాలంటే దాన్ని మలుపు లోపలివైపుకు లాగే బలం ఒకటి కావాలి. అదే అభికేంద్ర బలం. ఈ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్యగల ఘర్షణ. అయితే ఘర్షణ పనిచేసేది నేల దగ్గర. బండి, మనుషులు కలిసిన బరువుకు గురుత్వకేంద్రం నేలకు సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మీరు చాప మీద నిలబడి ఉండగా ఎవరైనా చాపను ఎడమవైపుకు లాగితే మీరెటు పడతారు? కుడివైపుకు. మలుపులో ఘర్షణ చేసేది సరిగ్గా ఈ పనే. చక్రాలను లోపలికి లాగి, బండిని బయటికి పడవేయాలని చూస్తుంది. ముందుగానే లోపలికి వాలి ఉంటే, మన బరువు లోపలికి పడవేయాలని చూస్తుంది. ఈ రెండూ సరిసమానమైనప్పుడు బండి వాలి ఉంటుంది గాని పడదు.

ఎంత వాలాలి? వేగం వర్గాన్ని, మలుపు వ్యాసార్థం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించండి. వచ్చేది వాలు కోణపు టాంజెంట్ విలువ. 20 మీటర్ల వ్యాసార్థం గల మలుపును తీసుకుందాం. గురుత్వ త్వరణాన్ని 10 అనుకుందాం.

గంటకు 18 కి.మీ. వేగంలో సుమారు 7 డిగ్రీలు వాలాలి.
గంటకు 27 కి.మీ. వేగంలో సుమారు 16 డిగ్రీలు.
గంటకు 36 కి.మీ. వేగంలో సుమారు 27 డిగ్రీలు.

వేగం రెండింతలైతే వాలు దాదాపు నాలుగింతలయింది, చూశారా? మరో విశేషం గమనించండి. ఈ లెక్కలో ద్రవ్యరాశి ఎక్కడా లేదు. బండి మీద ఒకరున్నా ఇద్దరున్నా వాలవలసిన కోణం ఒక్కటే. మరి నా వల్ల వచ్చిన చిక్కేమిటి?

ఇద్దరికీ ఒకే గురుత్వకేంద్రం

వాలవలసింది బండి కాదు, బండీ మనుషులూ కలిసిన మొత్తపు గురుత్వకేంద్రం. చిక్కంతా అక్కడే ఉంది.

బండి 150 కిలోలు, నడిపేవాడు 65, నేను 65 అనుకుందాం. మొత్తం 280 కిలోలు. ఇందులో నా వంతు దాదాపు నాలుగో వంతు. నేను భయపడి కుడికి వంగినప్పుడు నా గురుత్వకేంద్రం 15 సెంటీమీటర్లు ప్రక్కకు జరిగిందనుకుంటే, మొత్తపు గురుత్వకేంద్రం 3.5 సెంటీమీటర్లు జరుగుతుంది. 70 సెంటీమీటర్ల ఎత్తులో 3.5 సెంటీమీటర్లంటే దాదాపు 3 డిగ్రీల తేడా. నడిపేవాడు 16 డిగ్రీలు వాల్చితే నేను అందులో 3 డిగ్రీలు తీసివేశాను. మిగిలింది 13.

3 డిగ్రీలే గదా అనుకోకండి. గంటకు 27 కి.మీ. వేగంలో 13 డిగ్రీల వాలుకు సరిపోయే మలుపు వ్యాసార్థం 20 మీటర్లు కాదు, 24 మీటర్లు. అంటే రోడ్డు ఒక వంపులో తిరుగుతుంటే బండి అంతకంటే పెద్ద వంపులో పోతుంది. 2 సెకన్లలో అది తన దారి నుంచి దాదాపు 1 మీటరు బయటికి జరుగుతుంది. ఘాట్ రోడ్డులో మన సగానికీ ఎదుటివాడి సగానికీ మధ్య ఆ మీటరే తేడా. నేను కళ్ళారా చూసిన బస్సు ఆ మీటరులోనే ఉంది.

అలాగని నడిపేవాడికి సాయం చేద్దామని అతనికంటే ఎక్కువ లోపలికి వంగినా తప్పే. అప్పుడు బండి అనుకున్నదానికంటే ఎక్కువ తిరుగుతుంది. వెనుక ఉన్నవారు చేయవలసింది ఒక్కటే: బండితోపాటు తామూ వాలడం. దీనికి ఒక తేలిక ఉపాయం నాకు ఆ రోజు మా వాడే చెప్పాడు. ఎడమ మలుపు వస్తే నడిపేవారి ఎడమ భుజం మీదుగా రోడ్డును చూడాలి. కుడి మలుపు వస్తే కుడి భుజం మీదుగా చూడాలి. తల అటు పోతే శరీరం కావలసినంత మేరకు తానే సర్దుకుంటుంది.

అసలు మనకు భయం ఎందుకు వేస్తుంది? ప్రక్కకు వాలిన ప్రతిదీ పడిపోతుందని మన కళ్ళు నమ్ముతాయి. కాని వాలిన బండి మీద ఒక దారానికి రాయి కట్టి వేలాడదీశామనుకోండి. అది నేలకు నిలువుగా వేలాడదు. బండితోపాటు, బండి మధ్యగీత వెంబడే వేలాడుతుంది. మనమూ అంతే. కదలకుండా కూర్చుంటే మనల్ని ప్రక్కకు లాగేది ఏమీ ఉండదు. సీటు మీదకు తిన్నగా నొక్కినట్లు ఉంటుంది. ఆ తర్వాతి మలుపులో నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకుని చూశాను. బండి వాలినట్లే తెలియలేదు!

బ్రేకు వేసినప్పుడు

బండి వేగంగా కదిలినప్పుడు వెనుకకు, ఆగినప్పుడు ముందుకు తూలుతాం. ఇదీ జడత్వమే. ఎంత బలంతో తూలుతామో లెక్క వేద్దాం. గంటకు 54 కి.మీ. వేగం, అంటే సెకనుకు 15 మీటర్లు. 3 సెకన్లలో ఆగాలంటే సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గాలి. 65 కిలోల నన్ను ఆపడానికి 65 × 5 = 325 న్యూటన్ల బలం కావాలి. అది దాదాపు 33 కిలోల బరువుతో సమానం. ఆ బలాన్ని నాకు ఎవరు ఇవ్వాలి? నేను పట్టుకున్నది ఏదీ లేకపోతే, ముందున్న వాడి వీపు ఇవ్వాలి. అప్పుడు నా బరువు వాడి చేతుల మీదుగా హాండిల్ మీద పడుతుంది. బ్రేకు వేయవలసిన చేతులు, బండి తిప్పవలసిన చేతులు నన్ను మోయవలసి వస్తుంది.

అందుకే వెనుక కూర్చున్నవారు ఒక చేత్తో సీటు వెనుకనున్న పట్టీని పట్టుకోవాలి. రెండో చేతిని నడిపేవారి నడుము దగ్గర ఉంచాలి. పాదాలను ఫుట్ రెస్టుల మీద ఆన్చి, మోకాళ్ళను దగ్గరకు బిగించాలి. భుజాలను పట్టుకుని వేలాడకూడదు. ఒక ప్రక్కకు కాళ్ళు వేసి కూర్చుంటే మోకాళ్ళతో పట్టు దొరకదు, బరువు ఒక వైపుకు జరుగుతుంది. దూర ప్రయాణాలలో రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే క్షేమం. పాదాలు ఫుట్ రెస్టులకు అందని పిల్లల్ని వెనుక ఎక్కించుకోకూడదు.

కొండ దిగేటప్పుడు ఇంకొక లెక్క ఉంది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 280 కిలోలను 900 మీటర్ల ఎత్తుకు చేరిస్తే దానికి సుమారు 25 లక్షల జౌళ్ళ స్థితిజశక్తి వస్తుంది. క్రిందికి దిగేటప్పుడు ఇదంతా ఎక్కడికో పోవాలి. వేగంగా మారనిస్తే ప్రమాదం. అంతా బ్రేకులకే వదిలితే అవి వేడెక్కుతాయి. ఎంత వేడి? ఆ శక్తితో 8 లీటర్లకు పైగా నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయవచ్చు! బాగా వేడెక్కిన బ్రేకులకు పట్టు తగ్గుతుంది. కాబట్టి అనుభవం గలవారు ఏ గేరులో కొండ ఎక్కారో ఆ గేరులోనే దిగుతారు. అప్పుడు ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. బ్రేకులకు పని తగ్గుతుంది. ఇంజను ఆపివేసి, పెట్రోలు ఆదా అని దిగేవారిని మీరెప్పుడైనా చూస్తే ఈ 8 లీటర్ల నీటిని వారికి గుర్తు చేయండి.

నలుగురు కలిసి వెళ్ళేటప్పుడు

ఒక్క బండికి లేని చిక్కు గుంపుకు ఉంటుంది. ముందువాడు బ్రేకు వేసిన సంగతి వెనుకవాడి కంటికి కనబడి, బుర్రకు తెలిసి, చేయి కదలడానికి దాదాపు 1 సెకను పడుతుంది. గంటకు 54 కి.మీ. వేగంలో ఆ సెకనులో బండి 15 మీటర్లు పోతుంది. ఇద్దరి మధ్య 15 మీటర్లు కూడా లేకపోతే, ఇద్దరూ ఒకేలా బ్రేకు వేసినా, వెనుకవాడు ఆగేలోపే ముందు బండిని గుద్దుకోవచ్చు.

అందుకని దూరాన్ని మీటర్లలో కాక, కాలంలో కొలుస్తారు. ముందు బండి ఒక చింతచెట్టునో, మైలురాయినో దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అని తీరికగా లెక్కపెట్టండి. ఒక్కొక్క మాటకు సుమారు ఒక సెకను పడుతుంది. ఈ లెక్క పూర్తికాక ముందే మీ బండి ఆ చెట్టును చేరితే మరీ దగ్గరగా ఉన్నట్లే. వెనుక మనిషి ఉన్నప్పుడు "వెయ్యిన్ని మూడు" కూడా కలపడం మంచిది.

ఇందులో ఒక తమాషా ఉంది. నాలుగు బళ్ళు 2 సెకన్ల ఎడంతో పోతున్నాయనుకోండి. గంటకు 36 కి.మీ. వేగంలో ఒక్కొక్క ఎడం 20 మీటర్లు. మొదటి బండికీ చివరి బండికీ మధ్య 60 మీటర్లు. అదే 54 కి.మీ. వేగంలో 90 మీటర్లు. మొదటివాడు వేగం పెంచగానే వరుస సాగుతుంది. చివరివాడు తాను వెనుకబడిపోయాననుకుని తొందరపడి వేగం పెంచుతాడు. గుంపు ప్రయాణాలలో చివరివాడికి ప్రమాదం ఇలాగే వస్తుంది. నిజానికి అతడు వెనుకబడలేదు. దూరం పెరిగింది గాని కాలం పెరగలేదు!

ఆ రోజు రోడ్డు ప్రక్క ఆగినప్పుడు మావాళ్ళు వరుసను మార్చారు. దారి బాగా తెలిసినవాడు ముందు నడిచాడు. కొత్తగా కూర్చున్న నన్ను ఎక్కించుకున్న బండిని రెండో స్థానంలో పెట్టారు. అందరూ మా వేగానికే నడవాలన్నారు. అనుభవం ఎక్కువ గలవాడు చివర ఉన్నాడు. తిన్నని రోడ్డులో ఒకరు కాస్త కుడిగా, వెనుకవారు కాస్త ఎడమగా ఉంటే ముందుచూపు బాగుంటుంది. ఘాట్ మలుపుల్లో మాత్రం ఒకరి వెనుక ఒకరే. రోడ్డు రెండుగా చీలిన చోట, వెనుక బండి కనబడేదాకా ముందు బండి ఆగాలి. ప్రతివాడూ తన వెనుకవాణ్ణి చూసుకుంటే చాలు, గుంపులో ఎవరూ తప్పిపోరు.

గాలి హోరులో మాటలు వినబడవు. కనుక మేమిద్దరం సైగలు పెట్టుకున్నాం. భుజం మీద ఒకసారి తడితే "నేను సిద్ధం". రెండుసార్లు తడితే "నెమ్మదిగా పో". మూడుసార్లయితే "ఆపు". ఈ మూడు సైగలూ బయలుదేరే ముందు పెట్టుకోవలసినవే గదా!

ఎక్కే ముందు

1. శిరస్త్రాణం ఇద్దరికీ ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం వెనుక కూర్చున్నవారిని కూడా అందులో చేర్చింది. శిరస్త్రాణం గట్టిదనం కంటే దాని లోపల ఉన్న తేలికైన నురుగు పొర ముఖ్యం. తల 150 సెంటీమీటర్ల ఎత్తు నుంచి నేలను తాకిందనుకోండి. నురుగు 2.5 సెంటీమీటర్లు నలిగి తలను ఆపితే, తల మీద పడే సగటు త్వరణం గురుత్వ త్వరణానికి 150 ÷ 2.5 = 60 రెట్లు. నురుగు లేక అర సెంటీమీటరులోనే ఆగితే 300 రెట్లు. గడ్డం క్రింద పట్టీ బిగించకపోతే శిరస్త్రాణం దారిన అది, తల దారిన అది పోతాయి.

2. వేలాడే చున్నీ, చీర కొంగు, కండువా చక్రానికి తగలకుండా బిగించుకోవాలి. వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ, పట్టుకోవడానికి పట్టీ, ఫుట్ రెస్టు బండికి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. వాటిని అందం కోసం ఊడదీయకూడదు.

3. వెనుక మనిషి ఎక్కితే బరువు ఎక్కువగా వెనుక చక్రం మీద పడుతుంది. ఇద్దరున్నప్పుడు వెనుక టైరులో ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. బండి వెనుక దిగితే ముందు దీపం పైకి లేస్తుంది. ఎదుటివారి కళ్ళలో పడకుండా సరిచేయాలి.

4. చాలా బళ్ళకు వేడెక్కే పొగగొట్టం కుడివైపున ఉంటుంది. ఎడమవైపు నుంచి, నడిపేవారు సరే అన్న తర్వాతే ఎక్కాలి.

5. వెనుక ఒక్కరే కూర్చోవాలి. ఇదీ చట్టమే. ఇక మీలో 18 ఏళ్ళు నిండనివారు గేరు బండిని నడపకూడదు. అంతవరకు మీకు దక్కేది వెనుక సీటే. దాన్ని బాగా నేర్చుకోండి!

అనంతగిరి కాఫీతోటలు చూసి, బొర్రా గుహలు చూసి, అరకులో రాత్రి గడిపి, మర్నాడు కొండ దిగాం. శృంగవరపుకోటలో టీ త్రాగేందుకు ఆగినప్పుడు మా వాడు అన్నాడు: "మాస్టారూ, దిగేటప్పుడు మీరు వెనుక ఉన్నారో లేరో అని రెండుసార్లు అద్దంలో చూసుకున్నాను."

నా ఉద్యోగంలో చాలా యోగ్యతాపత్రాలు అందుకున్నాను. ఇది మాత్రం శిష్యుడు ఇచ్చినది. మొహమాటపడకుండా ముందే వాడు చెప్పి ఉంటే, అభిమానపడకుండా ముందే నేను అడిగి ఉంటే, ఆ బస్సు ముందు మాకు పరీక్ష జరిగేది కాదు. మీరు ఎవరి వెనుకనైనా మొదటిసారి కూర్చునేటప్పుడు "నేనేం చేయాలి?" అని అడగండి. మీ వెనుక ఎవరైనా మొదటిసారి కూర్చునే రోజు వస్తే, వారు మీ గురువుగారైనా సరే, చెప్పి ఎక్కించుకోండి.

చేసి చూడండి

ఒక స్కేలును మీ స్నేహితుడు సున్నా గీత క్రిందికి వచ్చేలా నిలువుగా పట్టుకోవాలి. మీరు వ్రేళ్ళను తాకించకుండా సున్నా దగ్గర ఉంచండి. అతడు చెప్పకుండా వదలగానే పట్టుకోండి. సుమారు 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారంటే మీకు 0.2 సెకను పట్టింది. ఇప్పుడు మరొకరితో మాట్లాడుతూ ఇదే చేయండి. ఎన్ని సెంటీమీటర్లు పెరిగింది? గంటకు 54 కి.మీ. వేగంలో బండి 0.2 సెకనులో ఎన్ని మీటర్లు పోతుందో మీరే లెక్క కట్టండి.